కార్పెట్టు మీద తడి

ముత్తుకూరు,
సెప్టెంబరు 8

అక్కా, నీకూ బావకూ మస్తానమ్మ దండాలు.

ఇంట్లో ఫోన్లుండగా ఇదేమి కాగితం పట్టుకుంది అనుకుంటావు. చాన్నాళ్ళు ఆగి చూసినాను, ఇక పట్టుకోక తప్పలేదు. నీ చెవికి నా మాట చేరాలంటే నేను అరవాల. నేను అరిస్తే పక్క గదిలో కోడలు వింటుంది. అయినా నాకు అరవడం ఎక్కడ చేతనవును? గుళ్ళో గోవింద పెట్టినా పక్కన నిలబడినామెకు వినపడదు. మొన్న ఫోనులో నా బాధంతా మెల్లగా చెప్పుకుంటే, నువ్వు ఓపిగ్గా విని, "సరే, ఆదివారం రండి, మీ బావ చేపలు తెస్తాడు" అన్నావు. అప్పుడే అనుకున్నా, ఈమెకు రాసి పంపడమే మేలని. పది దాకా చదివించిన నాయనకు పుణ్యం, రాయడమన్నా వచ్చు.

విషయం కుక్క. బిందు నెల్లూరు నుంచి కాపురానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న పండు. రెండేళ్ళూ వరండాలో పడి ఉండేది, నా జోలికి అది రాలేదు, దాని జోలికి నేను పోలేదు. ఇప్పుడు దానికి వెనక కాళ్ళు పట్టు తప్పుతున్నాయి. వరండాలో జల్లు కొడుతుందని బిందు హాల్లోకి తెచ్చింది. హాల్లో టైల్సు. అద్దం మాదిరి మెరవాలని మీ మరిది ఏరికోరి వేయించినవి. వాటి మీద పండు లేచి నిలబడితే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. పశువుల డాక్టరేమో, నేల జారకుండా ఏదైనా పరవకపోతే ఆ కాళ్ళు పూర్తిగా పోతాయన్నాడంట.

అందుకని ఫోనులో చూసి ఒక కార్పెట్టు తెప్పించింది. ఉతుక్కునే కార్పెట్టంట. కుక్కలూ పిల్లులూ ఉండే ఇళ్ళ కోసమే చేస్తారంట. కింద జారకుండా రబ్బరు పట్టా, దాని మీద అతుక్కునే మందపాటి గుడ్డ. మురికైతే పైగుడ్డ ఊడదీసి ఉతుక్కోవచ్చు.

"మీకేమీ ఇబ్బంది ఉండదు అత్తమ్మా, మురికైతే ఉతికేద్దాం" అన్నది. పొద్దున్నే స్కూటీ ఎక్కి నెల్లూరు ల్యాబుకు పోయే పిల్ల, చీకటి పడినాక వచ్చే పిల్ల, ఎప్పుడు ఉతుకుతుంది? ఉతికేది ఎవరో నాకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

పైగా దాన్ని పరిచింది ఎక్కడనుకున్నావు? సరిగ్గా దేవుడి గది గడప ముందు. పొద్దున్నే తలస్నానం చేసి, పూలబుట్ట పట్టుకుని, కుక్క పడుకున్న గుడ్డ తొక్కుకుంటూ నరసింహస్వామి దగ్గరికి పోవాల నేను. పక్కకు జరపమంటే, అక్కడే ఫ్యాను గాలి తగులుతుంది అన్నది. స్వామికి కూడా అక్కడే తగులుతుంది మరి.

నేను నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. నీకే అంటున్నాను.

నీ చెల్లెలు
మస్తానమ్మ


కోవూరు,
సెప్టెంబరు 17

అమ్మణ్ణీ,

నీ ఉత్తరం చదివినా. చేపల సంగతి ఎత్తిపొడవనక్కరలేదు. ఆ రోజు నువ్వు చెప్పింది నాకు వినపడలేదు గానీ, ఏదో ఏడుపు గొంతని మాత్రం తెలిసింది. అందుకే పిలిచినా. చెవుడు నా చెవులకు, తలకాయకు కాదు.

నీ కోడలు చూసిన ఫోనే మా ఉష కూడా చూసినట్టుంది. "అమ్మా, నీ పిల్లులు సోఫా పీకి పందిరేస్తున్నాయి, వాటికో కార్పెట్టు తీసుకుందాం, ఉతుక్కునేది" అని రోజూ ఒకటే పోరు. నాకున్నవి రెండు. ఒకటి కక్కుతుంది, ఇంకోటి గీకుతుంది. కాబట్టి నువ్వు వాడి చెప్పు. బొచ్చు పట్టుకుంటుందా? కంపు పోతుందా? ఉతికితే ఎన్నాళ్ళకు ఆరుతుంది? నువ్వు సరేనంటే ఉషను కొనమంటా, వద్దంటే దాని నోరు మూయిస్తా. మీ ఇల్లే నాకు పరీక్ష.

ఇంకోటి. రెండేళ్ళుగా దాని జోలికి నేను పోలేదు అని రాసినావు. కోడలు పొద్దున పోయి రాత్రికి వస్తే, మధ్యాహ్నం ఆ కుక్కకు కూడెవరు పెడుతున్నారు?

మరిది మునెయ్యను అడిగినానని చెప్పు.

పోలేరమ్మ


ముత్తుకూరు,
అక్టోబరు 3

అక్కా,

ఉషను కొనొద్దని చెప్పు. ముందు అది చెప్పి, తరవాత మిగతాది చదువు.

అబద్ధమెందుకు, మొదట్లో బాగానే ఉన్నది. పరిచిన రోజు పండు దాని మీద లేచి నిలబడింది, జారలేదు. తోక కూడా ఊపింది. బొచ్చు పట్టుకుంటుంది గానీ చీపురు తడిపి ఊడిస్తే వస్తుంది. ఒకరోజు అది ఎక్కడో బురదలో దొర్లి వచ్చి పడుకున్నది. సరే, ఉతికేది గదా అని పైగుడ్డ ఊడదీసి మిషనులో వేసినాను. మిషను దబదబా కొట్టుకుని, బాత్రూము నుంచి వంటింటి గడప దాకా నడిచొచ్చి ఆగిపోయింది. చిన్నబాబు చూసి, "అమ్మా, దీనికీ కాళ్ళొచ్చినాయే, దీన్ని కూడా కార్పెట్టు మీదికి తోలు" అని ఒకటే నవ్వు. నా కొడుక్కు అన్నీ నవ్వులాటే.

ఇక బోరు దగ్గర రాయి మీద వేసి కాళ్ళతో తొక్కి ఉతికినాను. మా బోరు నీళ్ళ సంగతి నీకు తెలుసు, నోట్లో పోసుకోలేము. తాగడానికి, స్వామి అభిషేకానికి బండి మీద వచ్చే మంచినీళ్ళు పట్టుకుంటాం, మిగతా అన్నిటికీ బోరే. తడిసిన కార్పెట్టు లేపడమంటే చేపలు పడిన వల లాగినట్టే. పిట్టగోడ మీద వేసినాను, ఎండకు కరకరలాడేలాగా ఆరింది. తెచ్చి పరిచినాను.

మర్నాడు స్నానం చేసి గడప దగ్గరికి పోతే కాలికి తడి. పూలబుట్ట అక్కడే పెట్టి వెనక్కి తిరిగినాను. మళ్ళీ స్నానం చేసినాను. మళ్ళీ ఉతికినాను, ఆరబెట్టినాను, పరిచినాను. మళ్ళీ పొద్దున్నే తడి. శుక్రవారం మూడు స్నానాలయినాయి, తుమ్ములు పట్టుకున్నాయి. ఇప్పుడు ఉతకడమే నా పని. విచిత్రం ఏమిటంటే, ఉతికిన కొద్దీ ఎక్కువ తడుపుతున్నది. నా మీద పంతం పట్టినట్టే. ముక్కిన వాసన కూడా.

బిందుకు మెల్లగా చెప్పినాను. "పండు ఇంట్లో పొయ్యదు అత్తమ్మా. పోవాలంటే తలుపు గీకుతుంది" అన్నది. "అయితే ఎవరు చేసినట్టు, మీ మామయ్యా?" అని అడిగినాను. మనసులో అడిగినాను. పైకి మాత్రం "ఏమోనమ్మా" అన్నాను.

కూడెవరు పెడతారని అడిగినావు. నేనే పెడతా, ఇంకెవరు పెడతారు? మజ్జిగన్నం అయితే తింటుంది, పప్పన్నం మూతి తిప్పుకుంటుంది. కూడు పెట్టడం వేరు, స్వామి గడప ముందు ఉచ్చ తొక్కడం వేరు.

మస్తానమ్మ


కోవూరు,
అక్టోబరు 10

అమ్మణ్ణీ,

ఒక్కటే అడుగుతా. అది పోస్తుండగా నీ కళ్ళతో చూసినావా?

చూసి ఉంటే రాసేదానివి. రాయలేదు గాబట్టి చూడలేదు. నువ్వు చిన్నప్పటి నుంచి అంతే, పైకి ఒక్క మాట అనవు, లోపల తీర్పు రాసేసుకుంటావు. అవతల మనిషికి తన మీద నేరం ఉందని కూడా తెలియదు. ఇక్కడ అవతల ఉన్నది కుక్క, దానికి అసలు నోరే లేదు.

అట్లాగని నీ కోడలిని వెనకేసుకొస్తున్నానని కాదు. నీకు చేత కాకపోతే ఆ కార్పెట్టు నాకు పంపు. బావ చేత తొక్కించి ఉతికిస్తా. కూర్చుని టీవీ చూడటం తప్ప ఆయనకూ పనేమున్నది. కంపు పోతే పోయింది, పోకపోతే ఉష కళ్ళ ముందే పారేస్తా, దాని పోరు తీరిపోతుంది.

పోలేరమ్మ


ముత్తుకూరు,
అక్టోబరు 19

అక్కా,

కార్పెట్టు పంపుతున్నాను. మీ మరిది రేపు కోవూరు మీదుగా పోతాడు, ఇచ్చి పోతాడు. ఇక దానితో ఇక్కడ పని లేదు.

మొన్న ఆయన పోర్టు గేటు డ్యూటీకి పోతూ సాక్సు కాలు దాని మీద పెట్టినాడు. నాకైతే స్నానంతో పోతుంది, ఆయనకు వేరే సాక్సు లేవు. ఇల్లు లేచిపోయింది. "విజయభాస్కర్ తన రొయ్యల గుంటల కాడికి కాపలా కుక్క కావాలంటున్నాడు, రేపే తోలేస్తా" అన్నాడు. బిందు గదిలోంచి వచ్చి నిలబడింది. "దానికి నడవడమే కష్టం మామయ్యా, అది గుంటల గట్టున ఏం కాపలా కాస్తుంది?" అన్నది. చిన్నబాబు కంచంలోకి చూస్తా కూర్చున్నాడు. అప్పుడు ఆయన నావైపు తిరిగి, "రోజూ సచ్చేది నువ్వు. నువ్వు చెప్పు. ఉండాల్నా, పోవాల్నా?" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. బిందు చూపు ఎట్లుందో నేను రాయలేను.

"స్వామి గది ముందర రోజూ ఇట్లా మైలపడలేను" అన్నాను. అంతే అన్నాను. పొమ్మనలేదు. అయినా అదే పొమ్మనడం అయింది.

ఆ పొద్దు నుంచి బిందు నన్ను అత్తమ్మా అనడం మానేసింది. "ఏమండీ, గ్యాసు అయిపోయింది", "ఏమండీ, పాలు వచ్చినాయి". నేనేదో ఎదురింటామె అయినట్టు. కార్పెట్టు తీసేసిన హాల్లో పండు లేవబోయి పడుతుంది, లేవబోయి పడుతుంది. చూడలేక గోనెసంచి వేసినాను. అదీ జారుతుంది. నాకు ఒళ్ళు మండిపోతున్నది, ఎవరి మీదనో మాత్రం తెలియడం లేదు.

మస్తానమ్మ


ముత్తుకూరు,
అక్టోబరు 24

అక్కా,

నిన్న పండును తీసుకుపోయినారు. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని పోయినారు.

హాలు శుభ్రంగా ఉంది. పొద్దున ఒక్క స్నానంతోనే దీపం పెట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నంలో మజ్జిగ కలిపి వరండాలోకి పోయి, మళ్ళీ వెనక్కి తెచ్చి నేనే తిన్నాను.

ఇంకేమీ లేదు.

మస్తానమ్మ


కోవూరు,
అక్టోబరు 25

అమ్మణ్ణీ,

ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు.

నీ కార్పెట్టు వచ్చిన రోజు మాకు వాన ముసురు. ఉతికితే ఆరదు గదా అని ఉతకలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టే వడ్ల బస్తాల గదిలో దండెం మీద వేసి, పిల్లులు దూరకుండా తలుపు గొళ్ళెం పెట్టినా. వేసేటప్పుడు పొడిగా ఉన్నది, నా చేత్తో తడిమినా. పొద్దున్నే గొళ్ళెం తీసి చూస్తే తడి. కింద బస్తాకు కూడా అంటింది.

మా ఇంట్లో కుక్క లేదమ్మా.

ముందు ఇంటికప్పు కారిందేమో అనుకున్నా. బావను ఎక్కించి చూపించినా, ఎక్కడా కారలేదు. రెండో రోజు కాస్త ఎండ కాసింది, ఆరేసినా, ఆరింది. మళ్ళీ గదిలో వేసినా, మళ్ళీ తెల్లారేసరికి తడి. అప్పుడు వెలుతురులో పట్టుకుని చూసినా. కుట్ల వెంబడి తెల్లటి పొడి. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నా.

మీ బావ చూసినాడు. "ఏమే, చెవులతో పాటు మతి కూడా పోయిందా? కుక్క పడుకున్న గుడ్డ నాకుతున్నావు" అన్నాడు. "ఉప్పయ్యా, ఉప్పు" అన్నా. "ఉప్పు కావాలంటే అంగట్లో దొరకదా?" అన్నాడు. ఆయనతో నా కాపురం ఇట్లా ఉంది.

మస్తానూ, అమ్మ ఎండుచేపలు దాచే తట్టలు గుర్తున్నాయా? ఎండలో పెళపెళలాడేలాగా ఎండిన చేప కూడా మబ్బు పట్టిన తెల్లవారికి చెమట పట్టేది. తడి ఎక్కడిదని మనం అడిగితే, గాలిలోది, ఉప్పు లాక్కున్నది అని చెప్పేది. మళ్ళీ ఎండబెట్టేది. ఆ తట్టల పక్కనే పడుకుని పెరిగినాం మనిద్దరం. వంటింట్లో రాళ్ళుప్పు జాడీ చెమర్చితే ఎవరిని నిందించినాం? కార్పెట్టు దగ్గరికి వచ్చేసరికి కుక్కను పట్టుకున్నాం. నేను కూడా, చూసినావా అని అడిగినానే గానీ, తడి ఎక్కడిదని ఆలోచించలేదు.

నువ్వు దాన్ని నీ బోరు నీళ్ళలో తొక్కి తొక్కి ఉతికినావు. చీరలైతే పలచన, ఏమీ కాదు. ఇది బిందెడు నీళ్ళు తాగుతుంది. నీళ్ళు ఆరిపోయినాయి, ఉప్పు లోపలే ఉండిపోయింది. రాత్రి సముద్రపు గాలికి తడిసింది. నువ్వు కుక్క మీద కోపంతో మళ్ళీ ఉతికినావు, మళ్ళీ ఉప్పు పట్టించినావు. పంతం కార్పెట్టుది కాదు, నీదే.

మా కొళాయి నీళ్ళలో నానేసి, పిండి, నానేసి, పిండి, ఉప్పు పోయేదాకా బావ చేత తొక్కించినా. అప్పటి నుంచి పొడిగానే ఉన్నది. ముక్కిన వాసన లేదు. పిల్లులు రెండూ దాని మీదే పడి ఉన్నాయి.

పండును తోలేయకముందే ఈ ఉత్తరం నీకు చేరాల. ఈ వానకు ఉష ఫోను కూడా పలకడం లేదు, పోస్టును నమ్మను, వాన వెలిసినాక బావే కార్పెట్టుతో పాటు తెస్తాడు. అప్పటిదాకా ఎవరినీ ఏమీ చెయ్యనీయకు.

పోలేరమ్మ


ముత్తుకూరు,
నవంబరు 9

అక్కా,

బావ వచ్చి నీ ఉత్తరం ఇచ్చేసరికి పండు పోయి వారమైంది. వంటింట్లో పీట మీద కూర్చుని చదివినాను. బావ, "మీ అక్క కుక్క గుడ్డ నాకింది" అని మీ మరిదికి చెప్పి నవ్వుతున్నాడు. ఆయన నవ్వితే నాకు కోపం రాలేదు. నా మీద నాకు వచ్చిన కోపం ముందు ఇంకే కోపమూ నిలవలేదు.

సాయంత్రం బిందు వచ్చి హెల్మెట్టు తీస్తుండగా ఎదురుపోయినాను.

"బిందూ, ఆ తడి పండుది కాదమ్మా."

ఆ పిల్ల హెల్మెట్టు స్కూటీకి తగిలించింది. "నేను చెప్పినాను గదండీ" అన్నది.

"చెప్పినావు. నేను వినలేదు. నా నీళ్ళు, నా ఉప్పు. రేపు నాతో రా, తెచ్చుకుందాం."

"మామయ్య?"

"మామయ్యకు నేను చెబుతా."

చెప్పినాను కూడా. నాకు గొంతు లేదంటావు గదా, ఆ రాత్రి ఉన్నది. "పొమ్మన్నది నేను, రమ్మనేది కూడా నేనే" అన్నాను. ఆయన సాక్సు రెండూ తీసి మడిచి పెట్టినాడు. తరవాత "రానీలే" అన్నాడు.

మర్నాడు శనివారం. తలంటుకుని, స్వామికి దీపం పెట్టి, స్కూటీ వెనక ఎక్కినాను. రొయ్యల గుంటల కాడికి పోయినాం. విజయభాస్కర్ దూరం నుంచే మమ్మల్ని చూసి దండం పెట్టినాడు. "వదినా, నీకు పుణ్యముంటుంది, దీన్ని తీసుకుపో. దొంగల మీదికి ఉసిగొల్పుదామని తెచ్చుకుంటే, గట్టు మీద కొంగ వాలినా నా మంచం కిందికి దూరుతున్నది. ఇంక దానికి కాపలా నేనే కాస్తున్నా" అన్నాడు.

పండు చిక్కిపోయింది. ముందు బిందు దగ్గరికి ఈడ్చుకుంటూ పోయి, చేతులు నాకింది. తరవాత నా దగ్గరికి వచ్చి, చేతిసంచీలో మూతి పెట్టి వెతికింది. మజ్జిగన్నం తెచ్చినాననుకున్నది. నేను తేలేదక్కా. ఎందుకు తేలేదు? ఆ మాత్రం తోచలేదు నాకు.

వచ్చేటప్పుడు అది నా ఒళ్ళో కూర్చున్నది. తలంటుకున్న ఒళ్ళు, శనివారం కట్టుకున్న చీర, గుంటల బురద. ఇంటికొచ్చి మళ్ళీ స్నానం చేసినాను. ఈసారి ఎవరినీ తిట్టుకోలేదు.

కార్పెట్టు పరిస్తే రెండు రోజుల్లోనే ఆ బురదతో పాడు చేసింది. ఉతకాల. బోరు నీళ్ళతో మురికి పోగొట్టి, చివరి జాడింపు మంచినీళ్ళతో చేస్తే ఉప్పు నిలవదు గదా. ఆ పొద్దు నీళ్ళ బండి రాలేదు. ఇంట్లో ఉన్నవి అభిషేకానికి ఎత్తిపెట్టిన రెండు బిందెలే. చాలాసేపు వాటి ముందు నిలబడినాను. ఆఖరికి ఒక చెంబు ముంచి స్వామి ముందు పెట్టి, రెండు బిందెలూ తీసుకుపోయి కుక్క కార్పెట్టు మీద కుమ్మరించినాను. బిందు పనికి పోయి ఉన్నది. ఆ పిల్ల, నేను వేరే మంచినీళ్ళ క్యాను తెప్పించినాననుకుంటుంది. అనుకోనీ.

ఇప్పుడు తడి లేదు. ఉషకు చెప్పు, మీ నీళ్ళకు సరిపోతుంది, కొనుక్కోమను. మా నీళ్ళకు సరిపోదు, అయినా ఉంచుకుంటున్నాం. పండు ఇప్పుడు కార్పెట్టు మీద పడుకుని తల మాత్రం తీసుకొచ్చి దేవుడి గది గడప మీద పెడుతున్నది. నేను పూలబుట్టతో దాని మీది నుంచి దాటాల. జరగమంటే కళ్ళు మూసుకుంటుంది. బొచ్చు నా మడిచీరకు కూడా వస్తున్నది. నా విసుగు తీరిందనుకోకు.

నిన్న పొద్దున గంట కొట్టి హారతి ఇస్తుంటే, లోపలి నుంచి బిందు కేకేసింది. "అత్తమ్మా, తలుపు తీయరా, పండు గీకుతున్నది." గంట ఆపి చూసినాను. నిజమే, వరండా తలుపు దగ్గర కూర్చుని గీకుతున్నది. ఇన్నాళ్ళూ అదే వేళకు గీకిందంట, బిందే లేచి తీసేదంట. నేను గంట కొట్టుకుంటున్నాను. చెవులు నీకు పోయినాయని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది నేను.

పోయి తలుపు తీసినాను. ఆ పిల్ల నన్ను అత్తమ్మా అన్నదని నాకు హారతి చల్లారినాక గుర్తొచ్చింది.

ఈ కాగితాలు చించొద్దక్కా. బీరువాలో నీ పట్టుచీరల అడుగున పెట్టు. బిందు గురించి, పండు గురించి నేనేమేమి రాసినానో అవన్నీ అట్లే ఉండాల. మళ్ళీ ఎప్పుడైనా నాకు లోపల తీర్పు రాసుకోవాలనిపిస్తే, కోవూరు బస్సెక్కి వచ్చి వీటిని చదువుకుంటా. ఉషకు చూపించొద్దు, నవ్వుతుంది. బిందు వస్తే అసలు చూపించొద్దు. రెండు బిందెల సంగతి నీకూ నాకూ స్వామికీ తెలుసు, అంతటితో చాలు.

మస్తానమ్మ